ఐదడుగుల వరి, మూడడుగుల వరి

మా నాన్నగారు నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కారు. అటువంటాయన మొన్న కార్తీకమాసంలో, నేను కాలేజీకి నాలుగు రోజులు సెలవులని ఊరు వెళ్ళినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని, "అబ్బాయీ, నన్నొకసారి మార్టేరు తీసుకు వెడతావూ?" అన్నారు.

మార్టేరు మాకేమీ కాశీ కాదు. తణుకులో బస్సెక్కితే పెనుగొండ మీదుగా చిటికెలో వస్తుంది. డెబ్బయ్యయిదేళ్ళ జీవితంలో ఆయన ఆ ఊరి మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్ళి ఉంటారో!

"అక్కడేం పని నాన్నగారూ?"

"వరి పరిశోధన కేంద్రం ఉంది కదూ! పాత రకాలు అక్కడ కాస్తంత మేర వేసి కాపాడతారట. నాకు అక్కుళ్ళ చేను ఒక్కసారి చూడాలని ఉందిరా."

అక్కుళ్ళంటే ఏమిటని పట్నంలో ఉండే పాఠకులు అడగవచ్చు. గోదావరి డెల్టాలో మా తాతల కాలాన ఊరంతా పండిన సార్వా వరి అది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నా చెవి ముందు పేర్లమీదికి పోతుంది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, బంగారుతీగ, గరికసన్నాలు, కొనామణి, నెల్లూరు మొలగొలుకులు. ఆ పేర్లు వింటేనే అన్నం వాసన వేస్తుంది. ఇప్పుడో? "ఏం వేశావోయ్?" అంటే "డెబ్బై ఇరవై తొమ్మిది" అంటాడు. పక్కవాడు "పది పది" అంటాడు. రైలుబండ్ల నంబర్లు చదువుతున్నట్టు ఉంటుంది. ఇదంతా నాన్నగారితో అంటే, ఆయన నవ్వి, "పేర్లకేం గాని, రేపు పొద్దున్నే బయలుదేరదాం" అన్నారు.

మర్నాడు బస్సులో కిటికీపక్క ఆయన్ని కూర్చోబెట్టాను. కాలవ వెంట రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ పండిన సార్వా చేలు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి పారించిన నీళ్ళే ఇప్పటికీ ఈ కాలవల్లో నడుస్తున్నాయి. చేలన్నీ ఒకే ఎత్తున, కత్తెర పెట్టి కత్తిరించినట్టున్నాయి. వంగిన కంకుల పైన పోటాకులు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి. ఇంత చక్కని దృశ్యం మరెక్కడుందని నేను మురిసిపోతూ ఉంటే, నాన్నగారు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు దాటిన నాకు ఆ కథ ఆ రోజువరకూ పూర్తిగా తెలియదు.

అది 1967వ సంవత్సరం. అంతకు ముందు రెండేళ్ళు దేశమంతా వరుసగా కరువు. అమెరికానుంచి ఓడల్లో గోధుమలు దిగితేగాని జనానికి తిండి లేదు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 అనే పొట్టి వరిని విడుదల చేసింది. మరుసటి ఏడే అది మా గోదావరి జిల్లాలకు వచ్చింది. ఆ వరిని పండించి, "మిస్టర్ ఐఆర్ 8" అనే పేరు సంపాదించుకున్న రైతు నెక్కంటి సుబ్బారావుగారిది ఆచంట. మార్టేరుకి ఆ ఊరు ఎంతో దూరం కాదు. మా నాన్నగారికప్పుడు పదిహేడేళ్ళు. ఆ వింత వరి సంగతి విని, సైకిలుమీద పోయి ఎవరినో బతిమాలి కాసిని విత్తనాలు తెచ్చారు. తాతయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి నాయనమ్మ కలగజేసుకుని, మూలనున్న పావు ఎకరం మడి ఇప్పించింది.

"మొదట్లో ఊరంతా నవ్వార్రా," అన్నారు నాన్నగారు. "గట్టుమీద నిలబడ్డవాళ్ళు, 'ఇదేం వరయ్యా, నడుముకి కూడా రాలేదు' అనేవాళ్ళు. పక్కన మా నాయన వేసిన అక్కుళ్ళు ఐదడుగులు పెరిగాయి. సరిగ్గా గింజ పాలు పోసుకునే వేళకి ముసురు పట్టింది. అక్కుళ్ళన్నీ చాపచుట్టినట్టు పడిపోయాయి. పొట్టి వరి కదలలేదు."

అక్కుళ్ళు పండినంత మేరా ఎకరానికి పన్నెండు బస్తాలైతే మహా గొప్ప. నాన్నగారి పావు ఎకరంలో ఎనిమిది బస్తాలు దిగాయి. నాయనమ్మ ఆ బియ్యం వండితే పొద్దున అన్నం బాగానే ఉంది గాని, సాయంత్రానికి బిరుసెక్కింది. "మీ నాయనమ్మ నన్ను చూసి నవ్వి ఊరుకుంది. మా నాయన నవ్వలేదు. కళ్ళంలోకి వచ్చి ధాన్యం రాశి చూశాడు, గడ్డి చూశాడు. 'మనుషులకి పెట్టావు, బాగానే ఉంది. ఎడ్లకి ఏం పెడతావురా?' అన్నాడు."

ఆ మాట దగ్గర నాన్నగారు ఆగిపోయారు. కండక్టరు "పెనుగొండ, పెనుగొండ" అని కేకవేస్తున్నాడు. బస్సు మళ్ళీ కదిలాక మిగతాది చెప్పారు. మూడేళ్ళలో పొలమంతా పొట్టి వరే అయింది. ఎండాకాలానికి గడ్డిమేటు తరిగిపోయేది. ఒకటి రెండేళ్ళు గడ్డి కొన్నారు. తరవాత ఒక జత ఎడ్లను అమ్మేశారు. వాటిని తోలుకుపోతున్న రోజున తాతయ్య పెరట్లోకి వెళ్ళి, సాయంత్రందాకా ఇంట్లోకి రాలేదట.

"వాటి తిండి నేను తీశానురా," అన్నారు నాన్నగారు కిటికీలోంచి చూస్తూ. ఆ పొట్టివరి దాళ్వా పంటతోనే మా మేనత్త పెళ్ళి జరిగింది. ఆ పంటతోనే నేను వాల్తేరులో ఎమ్మే చదివాను. ఆ సంగతి గుర్తు చేద్దామనుకున్నాను గాని, నోట మాట రాలేదు.

మార్టేరు కేంద్రాన్ని 1925లో స్థాపించారు. అంటే ఇప్పటికి నూరేళ్ళు నిండాయి. లోపల ఒక శాస్త్రజ్ఞుడు, నా ఈడువాడే, మేము వచ్చిన పని విని ముచ్చటపడి, "రండి బాబాయిగారూ" అంటూ తానే వెంటబెట్టుకు వెళ్ళారు. పొలంలో ఒక మూల చిన్న చిన్న వరసలుగా పాత రకాలు. ఒక వరస దగ్గర చెక్కమీద నంబరు చూసి, "ఇవిగో మీ అక్కుళ్ళు" అన్నారు.

నాన్నగారు చెప్పులు విడిచి గట్టు దిగారు. చేను ఆయన ఛాతీదాకా వచ్చింది. కొన్ని మొక్కలు అప్పటికే పక్కకి ఒరిగి, పురికొసతో కట్టిన కర్రలను ఆనుకుని నిలబడ్డాయి. ఆయన ఒక కంకిని అరచేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. మేమిద్దరం గట్టుమీదే ఆగిపోయాం.

ఆ ఆగిన కాసేపట్లో శాస్త్రజ్ఞుడు నాకు వరి సంకరం ఎలా చేస్తారో చెప్పారు. పాఠకులకు కూడా అది తెలియవలసిన సంగతి. వరి పువ్వు పొద్దెక్కాక ఓ గంటో రెండు గంటలో విచ్చుకుని మళ్ళీ మూసుకుంటుంది. సాధారణంగా తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. అందువల్ల, తల్లిగా ఎంచుకున్న మొక్కకి ముందునాటి సాయంత్రమే పువ్వు కొన కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ చిమటాతో తీసేసి, కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు తండ్రి మొక్క కంకిని తెచ్చి దానిమీద దులుపుతారు. పుట్టిన గింజలు నాటితే, రెండో తరంలో పిల్లలు రకరకాలుగా విడిపోతారు. ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక. వేల మొక్కల్లో మంచివి ఏరుకుంటూ ఆరేడు తరాలు పోతేగాని రకం స్థిరపడదు. ఆ తరవాత ఊరూరా పరీక్షలు. మొత్తం ఎనిమిది పదేళ్ళ పని. ఒక రకం బయటికి వచ్చేలోపల పెళ్ళికాని కుర్ర శాస్త్రజ్ఞుడు ఇద్దరు పిల్లల తండ్రవుతాడన్నమాట!

"ఇంతకీ ఈ పొట్టితనం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని అడిగాను.

ఆయన చెప్పిన జవాబుకి నాలోని తెలుగు మాస్టారు లేచి కూర్చున్నాడు. తైవానులో రైతులు పండించుకునే ఒక పాత వరి ఉండేది. దాని పేరు డీ జియో వూ జెన్. చైనా భాషలో ఆ మాటలకు అర్థం "పొట్టికాళ్ళ నల్లమొన" అని. చూశారా! మన కృష్ణకాటుకలకు వేలు విడిచిన చుట్టంలాగా లేదూ? ఏ సముద్రానికి అవతలైనా రైతు అన్నవాడు వరిని కంటితో చూసి, ముద్దుగా పేరు పెట్టుకున్నాడన్నమాట. 1956లో తైవానులోనే ఆ వరినుంచి తైచుంగ్ నేటివ్ 1 అనే రకం తీశారు. 1962లో ఫిలిప్పీన్సులో ఆ డీ జియో వూ జెన్‌నే పేటా అనే పొడుగు వరితో కలిపారు. ఆ ఏడు చేసిన సంకరాల్లో అది ఎనిమిదోది. అదే ఐఆర్ 8. పొడుగు పెరగడానికి కావలసిన ఒక రసాన్ని తయారుచేసే జన్యువు ఆ నల్లమొన వరిలో చెడిపోయి ఉందని 2002లో కనిపెట్టారు. అంటే, ఒక లోపం కోట్లమందికి అన్నం పెట్టింది.

నాన్నగారు గట్టెక్కి వచ్చారు. కాళ్ళకి బురద. ఆయన శాస్త్రజ్ఞుణ్ణి సూటిగా అడిగారు: "బాబూ, పొట్టి వరి వేసి నేను మా ఎడ్ల నోటికాడ గడ్డి తీశానా, లేదా?"

ఆ యువకుడికి ముందు ప్రశ్న అర్థం కాలేదు. నేను కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి కాగితం, కలం తీసి గట్టుమీదే లెక్క కట్టారు.

"చూడండి బాబాయిగారూ. నేలపైన ఉన్న మొక్కనంతా ఎండబెట్టి పది పాళ్ళు చేస్తే, పాత వరిలో గింజ మూడు పాళ్ళు, గడ్డి ఏడు పాళ్ళు. పొట్టి వరిలో సగం సగం. మీ అక్కుళ్ళు ఎకరానికి పన్నెండు బస్తాలు, అంటే తొమ్మిది వందల కిలోలు. దానికి గడ్డి రెండువేల వంద కిలోలు. పొట్టి వరి ముప్పై బస్తాలనుకుందాం. రెండువేల రెండు వందల యాభై కిలోలు. దానికి గడ్డి కూడా అంతే. కాబట్టి మొక్క పెట్టిన గడ్డి తగ్గలేదు. గింజ పెరిగింది."

నాన్నగారు నమ్మలేదు. "మరి మా మేటు ఎందుకు తరిగింది?"

"ఎక్కడ కోసేవారు?"

"నేలకి జానెడు పైన. అందరూ అక్కడే కదా కోసేది!"

"అదీ సంగతి! ఐదడుగుల మొక్కలో జానెడు పొలంలో వదిలేస్తే పోయేది ఏడో వంతు. మూడడుగుల మొక్కలో అదే జానెడు వదిలితే నాలుగో వంతు. పైగా మొదలు దగ్గరే బరువెక్కువ. ఆ మిగతాది కూడా పొట్టిగడ్డి. ఇల్లు కప్పడానికి పనికిరాదు, వెంటి పేనడానికి పొడుగు చాలదు. మీ నాయనగారు చూసింది తప్పు కాదు. కళ్ళంలోకి వచ్చిన గడ్డి తరిగింది. మీరు చేసిందీ తప్పు కాదు. మొక్కలో గడ్డి తరగలేదు."

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇంకో నాలుగు వేళ్ళు కిందికి కోయించి ఉంటే..." అని ఆగిపోయారు.

నాకు ఆ కాగితం మీది లెక్కలో వరి కథంతా కనిపించింది. పొట్టి వరిలో జరిగింది గారడీ కాదు, పంపకం. పూర్వం మొక్క తన కష్టార్జితంలో ఎక్కువ భాగం కాండానికి పెట్టి, మిగిలింది గింజకి ఇచ్చేది. శాస్త్రజ్ఞులు ఆ వాటాలు మార్చారు. ఎరువు వేస్తే పాత మొక్క పొడుగు సాగి పడిపోయేది. కొత్త మొక్క ఆ ఎరువును నిలబడి గింజలోకి పంపింది. పగటి పొడుగుని బట్టి ఫలానా మాసంలోనే పూస్తానని మొరాయించే గుణం కూడా పోయింది కనుక ఏటా రెండో పంటకి వీలు చిక్కింది. 1950-51లో మన దేశంలో హెక్టారుకి సగటున 668 కిలోల బియ్యం పండేవి. 2022-23 నాటికి అది 2,838 కిలోలయింది. నేల ఒకటిన్నర రెట్లయితే, బియ్యం రెండు కోట్ల టన్నులనుంచి పదమూడున్నర కోట్ల టన్నులకు పెరిగింది. ఇందులో నీటికీ ఎరువుకీ వాటా ఉంది గాని, వాటిని సొమ్ముచేసింది ఆ పొట్టికాళ్ళే.

పంపకం అన్నాక ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. గడ్డి వెంట్లతో చుట్టిన పురులు పోయాయి. తాటాకు దొరకనిచోట కప్పిన గడ్డి ఇళ్ళు పోయాయి. ఒకే రకం ఊరంతా దట్టంగా వేసేసరికి సుడిదోమకి పండగయింది. మందులు కొట్టక తప్పలేదు. ఎరువు అప్పులు వచ్చాయి. వందల రకాలు చేలనుంచి తప్పుకుని, ఇదిగో, ఇలాంటి కేంద్రాల్లో కర్రల ఆసరాతో నిలబడ్డాయి.

అయితే, మన శాస్త్రజ్ఞులు ఐఆర్ 8 దగ్గరే ఆగిపోలేదు. ఎక్కువ గింజతోపాటు మంచి అన్నం కూడా కావాలి కద! కటకంలో చేసిన ఒక సంకరం విత్తనం మలేషియా వెళ్ళి, 1965లో మసూరి అనే పేరుతో విడుదలై, మళ్ళీ మన దేశం వచ్చింది. ఇది పడిపోతుందని పరీక్షల్లో పక్కన పెడితే, మన ఆంధ్రదేశంలోనే ఒక కూలి గుప్పెడు గింజలు ఇంటికి తీసుకుపోయాడనీ, ఆ గుప్పెడే చేతులు మారి దేశమంతా పాకిందనీ చెబుతారు. ఆ మసూరిని మన గోదావరి పాయ పేరుగల వశిష్ఠ రకంతో కలిపి, 1982లో ఈ మార్టేరులోనే ఎంటీయూ 7029 తీశారు. దాని అసలు పేరు స్వర్ణ. అది వంగదేశందాకా, అక్కణ్ణుంచి బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. బాపట్లలో మసూరి రక్తంతోనే 1986లో బీపీటీ 5204, అంటే సాంబమసూరి, వచ్చింది. తెలుగు దేశాల్లో పెళ్ళిభోజనం ఆ సన్నబియ్యం లేనిదే జరగదు. "పది పది" కూడా ఈ మార్టేరు బిడ్డే. కృష్ణవేణి అనే రకానికీ ఐఆర్ 64కీ పుట్టిన దాని అసలు పేరు కాటన్‌దొర సన్నాలు. నంబర్ల వెనక ఇంత చక్కని పేర్లున్నాయని తెలిసి, బస్సెక్కేముందు నేను చేసిన ఎగతాళికి సిగ్గుపడ్డాను.

"తుపానుకి మాత్రం పొట్టీ లేదు పొడుగూ లేదు," అన్నారు నాన్నగారు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి నాకూ గుర్తుంది. తెల్లారేసరికి కోతకొచ్చిన స్వర్ణ అంతా నీళ్ళలో ఉంది. గట్టుమీద నాన్నగారు, ఆయన పక్కన లుంగీ ఎగగట్టుకుని నేను, నిలబడి చూస్తూ ఉండిపోయాం.

శాస్త్రజ్ఞుడు తల ఊపి, కోతకొచ్చిన పంటను ఏ జన్యువూ కాపాడలేదుగాని, ఎదిగే చేను మునిగితే దారి దొరికిందన్నారు. ఒరిస్సాలో మునుగు నేలల్లో పండే ఒక పాత వరిలో, నీట మునిగినా ఊపిరి బిగబట్టి రెండు వారాలు బతికే గుణముంది. దాన్ని స్వర్ణలోకి ఎక్కించి 2009లో స్వర్ణ సబ్ 1గా మన రైతుకిచ్చారు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. వాటిలో ఒకటి సాంబమసూరినుంచి, రెండోది కాటన్‌దొర సన్నాలనుంచి వచ్చినవే. "చూశారా బాబాయిగారూ, కొత్తది ఏది చేయాలన్నా పాతదాని గడప తొక్కవలసిందే. అందుకే మీ అక్కుళ్ళను మేం ఏటా నాటుతున్నాం. ఎప్పుడు ఏ గుణం కావలసివస్తుందో!" అన్నారాయన.

సెలవు పుచ్చుకునేటప్పుడు ఆయన లోపలికి వెళ్ళి, విడిగా కోసి ఉంచిన పాతరకం కంకులు నాలుగు తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టారు. నాన్నగారు వాటిని కండువా కొంగులో చుట్టుకున్నారు. తిరుగు బస్సులో ఎవరి మోచెయ్యీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తణుకు వచ్చేదాకా ఒక్క మాట లేదు. దిగబోతూ మాత్రం, "నాయన మేటు ఎత్తు చూశాడు. నేను బస్తాలు లెక్కపెట్టాను. ఇద్దరం కూర్చుని ఇలా కాగితం మీద వేసుకోలేదురా" అన్నారు.

ఇంటికి వచ్చాక ఆ కంకులను వసారాలో, తాతయ్య పటం పక్కన దూలానికి వేలాడదీశారు. పూర్వం పిచ్చుకల కోసం వరికుచ్చులు కట్టింది అక్కడే.

రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు నేను, "అమ్మా, ఇవాళ మన అన్నం ఏ రకం?" అని అడిగాను. వడ్డిస్తున్న అమ్మ వింతగా చూసింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి. అమ్మ జవాబు చెప్పేలోపల నాన్నగారే అందుకుని, ఆ రకం పేరు, దాని తల్లి పేరు, తండ్రి పేరు వరసగా చెప్పారు. చెప్పి, "ముద్ద చల్లారిపోతోంది, తిను" అన్నారు.